ఏసీ లోపలి యూనిట్ నుంచి నీళ్లు కారుతున్నాయా? ముందు బయట పైపు కొస చూడండి

స్ప్లిట్ ఏసీ కింద గోడ తడిస్తే చాలు, "గ్యాస్ అయిపోయిందేమో" అంటారు. గది ఎప్పటిలా చల్లబడుతుంటే గ్యాస్ జోలికి పోకండి. గాలిలో తేమ లోపలి యూనిట్‌లోని కాయిల్ (చల్లబడే గొట్టాల వరస) మీద నీరై, ట్రేలోకి జారి, డ్రెయిన్ పైపులోంచి బయటికి పోవాలి, ఆ దారిలో ఎక్కడో అడ్డు పడింది. హైదరాబాద్‌లో మే అంతా బాగా నడిచిన ఏసీ జూన్‌లో వానలు మొదలవగానే కారుతుంది, ఎందుకంటే పొడి ఎండల్లో వచ్చే నీళ్లే తక్కువ, అడ్డు ఉన్నా తెలియదు.

ఏసీ అరగంట నడిపి బయటికెళ్లి పైపు చూడండి. దయచేసి ఈ ఒక్క పని చేశాకే మెకానిక్‌కి ఫోన్ చేయండి. అక్కడ చుక్కలు సరిగ్గా పడటం లేదంటే పైపులోనే అడ్డు.

ఎక్కువసార్లు అది జిగురులాంటి నాచు. ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ ఆపేసి, తడి కూడా లాగే వాక్యూమ్ క్లీనర్‌ని బయటి కొసకు పెట్టి, చుట్టూ గుడ్డ బిగించి రెండు నిమిషాలు లాగితే వచ్చేస్తుంది. బయటి నుంచి లోపలికి మాత్రం ఊదకండి, ఆ మురికంతా ట్రేలోకొచ్చి గోడ మీద పడుతుంది. యాసిడ్ అసలు వద్దు.

ఇక నన్ను మూడుసార్లు తిప్పిన కారణం. విజయవాడలో మా మేనత్త ఇల్లు. రెండుసార్లు వెళ్లి పైపు శుభ్రం చేసి, ట్రేలో గ్లాసు నీళ్లు పోసి చూశాను, బ్రహ్మాండంగా పోయాయి. తెల్లారేసరికి ఫోన్, "ఒరేయ్, మళ్లీ కారిందిరా" అని. మూడోసారి రాత్రి అక్కడే ఉండిపోయాను. రెండింటికి కారడం మొదలవగానే బాల్కనీలోకి వెళ్తే, మొక్కలకు నీళ్లు పడతాయని పెట్టిన బకెట్ సగం నిండి, పైపు కొస అందులో జానెడు మునిగి ఉంది. పైకెత్తానో లేదో బుడబుడమని నీళ్లు దూకాయి. నేను వెళ్లేది పగలు, అప్పటికి బకెట్ ఖాళీగా ఉండేది!

పైపు మధ్యలో వేలాడి వంపు తిరిగిన చోట కొంత నీరు నిలుస్తుంది, కొస కూడా మునిగితే ఆ రెండింటి మధ్య గాలి ఇరుక్కుంటుంది. ట్రేలో నీటి లోతు రెండు మూడు సెంటీమీటర్లే, ఆ గాలిని తోసేంత బలం దానికి లేదు, అందుకే ట్రే నిండి గది లోపలికి పొంగుతుంది. పైపుని వంపు లేకుండా పైనుంచి కిందికి ఏటవాలుగా క్లిప్పులు కొట్టి, కొసని బకెట్ అంచు కంటే బెత్తెడు పైన తాడుతో కట్టేయండి. నీళ్లు పట్టుకోవడం మానక్కర్లేదు.

కాయిల్ మీద మంచు కడితే ఫిల్టర్ కడగండి, కడిగినా మళ్లీ కడితే అప్పుడు గ్యాస్ చూపించండి. ట్రే పగలడం, పైపులో కందిరీగ గూడు, యూనిట్ ఒక పక్కకి ఒరగడం నాకు ఎప్పుడో ఒకటి రెండు సార్లు తగిలాయి, వాటిని చివర్లో చూడొచ్చు. బాల్కనీ కడిగేటప్పుడు పనిమనిషి ఆ తాడు విప్పేసి పైపుని మళ్లీ బకెట్‌లో పడేస్తుంది, ఆమెకి కూడా ఒకసారి చూపించి చెప్పండి.