పాత పార్కర్ 51లో సిరా దిగకపోతే: నా అనుభవం

పర్లాకిమిడిలో పాత సామాను దుకాణంలో నేను కొన్న పార్కర్ 51 అనే సిరా కలంలో సిరా సరిగా దిగేది కాదు. ఒక మాట రాసేసరికి గీత తెగిపోయేది. సిరా మార్చడం, విదిలించడం, కుళాయి కింద కడగడం ఏవీ ఫలించలేదు.

ముందుగా బారెల్ (కలం వెనుక గొట్టం) మర విప్పి, పాళీ కొసను నీటిలో ముంచి, లోపలి లోహపు తొడుగుపై ఉన్న పట్టీని నొక్కాను. బుడగలు వచ్చి, వదలగానే నీరు లోపలికి ఎక్కింది కనుక లోపలి సిరా సంచి బాగానే ఉన్నట్లు తోచింది. కొనేముందే దుకాణదారును గ్లాసెడు నీళ్లు అడిగి ఈ పరీక్ష చేసుకోవడం ఉత్తమం. తరువాత చల్లని నీటిలో గిన్నెల సబ్బు ద్రవం ఒక చుక్క కలిపి, పాళీ వైపు భాగాన్ని రాత్రంతా నానబెట్టాను. తెల్లవారి పట్టీని నొక్కగా మొదట నల్లని నలుసులు, ఆపై నీలిధార వచ్చాయి. ఈ కలంలో పాళీని కప్పిన తొడుగు లోపల సన్నని సందులున్న, సిరాను పట్టి ఉంచే ‘కలెక్టర్’ అనే భాగం ఉంటుంది. ఎండిన సిరా గట్టిపడేది అక్కడే కనుక, నీరు తేటపడేవరకు నీళ్లు మారుస్తూ నానబెట్టడం, నొక్కడం మానకూడదు. ఆఖరున మంచినీటితో కడిగి, కాగితపు రుమాలుతో తడి పీల్చాకనే సిరా నింపాను.

ఇది 1948లో వచ్చిన, పట్టీ నొక్కి సిరా నింపే ఏరోమెట్రిక్ రకానికి పనికివచ్చింది. 1941లో వచ్చిన తొలి 51లలో సిరాను లోపలికి లాగే రబ్బరు పొర పాడైతే ఎంత కడిగినా లాభం ఉండదు, దాన్ని మార్చించవలసిందే. ఎబొనైట్ (గట్టి రబ్బరు) కలాలను మాత్రం ఇంతసేపు నానబెట్టకండి, రంగు మారవచ్చు.