హోమ్ చూడ్డానికి భోజనాల వేళ వెళ్లండి

పెద్దవాళ్లను చేర్పించే ముందు ఓల్డేజ్ హోమ్ చూడ్డానికి వెళ్తే శుభ్రమైన గదులు చూపించి పంపేస్తారు. సంరక్షణ ఎలా ఉందో మాత్రం తెలియదు. అందుకే ఒకసారి ముందుగా చెప్పకుండా, సెలవు రోజు రాత్రి భోజనాల వేళ వెళ్లి అరగంట కూర్చోండి. సొంతంగా తినలేనివారికి పక్కన కూర్చుని తినిపిస్తున్నారా, పళ్లెం పెట్టేసి వెళ్లిపోతున్నారా? నాకైతే అన్నిటికంటే ముఖ్యం ఇదే. మంచినీళ్లు చేతికి అందేలా ఉన్నాయా చూడండి. బెల్ కొడితే ఎన్ని నిమిషాలకు వస్తున్నారో గమనించండి. మంచం పట్టినవారిని మామూలుగా 2 గంటలకోసారి పక్కకు తిప్పుతుండాలి, లేకపోతే పుండ్లు పడతాయి. ఎప్పుడెప్పుడు తిప్పారో రాసుకునే చార్ట్ ఎలా రాస్తారో అడగండి, ఖాళీ ఫారం చూపించినా చాలు. డ్యూటీ మారే సమయంలో ఎక్కడైనా కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి అప్పుడు చూసినదాన్ని బట్టి నిర్ణయించకుండా ఇంకో పూట మళ్లీ వెళ్లండి.