బాల్కనీ గులాబీని మేడ మీదికి మార్చాక

కడియం నర్సరీ నుంచి తెచ్చుకున్న ఎర్ర గులాబీ అంటుమొక్క అది. విజయవాడలో మా బాల్కనీలో, సజ్జ కింద, ఏడాదిపాటు ఉంది. కొమ్మలు సన్నగా సాగి వెలుతురు వైపు వాలిపోయాయి. మొగ్గ వేసినా విచ్చకముందే రాలిపోయేది. బలం చాలడం లేదనుకుని ఎరువు వేస్తూ పోయాను. ఒక ఆదివారం గంటగంటకీ వెళ్లి చూస్తే, ఆ కుండీకి రెండు గంటల ఎండ కూడా పడటం లేదు. గులాబీకి కనీసం ఆరు గంటలు కావాలి.

మేడ మీద నీళ్ల ట్యాంకుకు తూర్పు పక్కన పొద్దుటి ఎండంతా తగులుతుంది, మధ్యాహ్నం దాటాక ట్యాంకు నీడ పడుతుంది. మన ఎండలకి ఆ నీడే మొక్కకి ప్రాణం.

నవంబరు దాకా ఆగాను. ముందురోజు నీళ్లు పోసి, మర్నాడు సాయంత్రం కుండీ పక్కకి వంచి తడితే మట్టిగడ్డ ఊడి వచ్చింది. అడుగున వేళ్లు చాపలా అల్లుకుపోయి ఉన్నాయి. చూస్తే కడుపు తరుక్కుపోయింది. వాటిని చేతివేళ్లతో మెల్లగా విడదీసి, నల్లబడ్డవి కత్తిరించాను. 14 అంగుళాల కుండీలో ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, గుప్పెడు వేపపిండి కలిపి నాటాను. అంటు కట్టిన ముడి మట్టిపైనే ఉంచాను. ఎండిన కొమ్మలు తీసేశాను.

వారం నీడలో ఉంచి, ఆ తర్వాతే ఎండకి జరిపాను. సగం ఆకులు రాలితే భయమేసింది. 18వ రోజున ఒక కణుపు దగ్గర బియ్యపుగింజంత ఎర్రటి చిగురు కనిపించింది. సంక్రాంతికి పూసిన మొదటి పువ్వుని అత్తయ్య దేవుడి పటానికి పెట్టారు.