గ్లైడర్ పోటీని ప్రేక్షకులకు కనిపించేలా నిర్వహించడం ఎలా

1920లో జర్మనీలోని వాసర్‌కుప్పె కొండపై గ్లైడర్లకు, అంటే ఇంజిన్ బలం లేకుండా గాలిలో జారుతూ ఎగిరే విమానాలకు, తొలి రోన్ పోటీలు జరిగినప్పుడు, వాలు మీద నిలబడినవారు ఎగరడం నుంచి దిగడం వరకు అంతా కళ్లారా చూడగలిగేవారు. వేడెక్కిన నేల నుంచి పైకి లేచే గాలిని, అంటే థర్మల్స్‌ను, ఆసరా చేసుకుని వందల కిలోమీటర్లు వెళ్లడం పైలట్లు నేర్చాక గ్లైడర్లు జనం కంటికి దూరమయ్యాయి. వాటిని మళ్లీ జనానికి చూపించే బాధ్యత నిర్వాహకులదే.

మొదట మార్చవలసింది ఆరంభం. సంప్రదాయ పోటీలో ఆరంభ రేఖ తెరిచాక పైలట్ తనకు అనువైన సమయంలో బయలుదేరవచ్చు. అందువల్ల ముందుగా తిరిగి వచ్చినవారే గెలిచారని చెప్పలేము, వేగాన్ని బట్టి పాయింట్లు లెక్కించేవరకు ఆగాలి. నైపుణ్యానికి అది మంచి పరీక్షే గాని, చూసేవారికి పందెంలా అనిపించదు. సెయిల్‌ప్లేన్ గ్రాండ్ ప్రీ అనే గ్లైడర్ పందేల పద్ధతిలో అందరికీ ఆరంభ సమయం ఒక్కటే కనుక, జరిమానాలు లేకపోతే, ముందుగా ముగింపు చేరినవారే ఆ రోజు విజేత. ప్రేక్షకులను పిలవదలచినప్పుడు ఈ పద్ధతినే ఎంచుకోండి.

రెండవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, తెర. గ్లైడర్లలోని ట్రాకర్లు పంపే స్థానాలను మైదానంలో పెద్ద తెరపై చూపించండి, అయితే పటం మీద కదిలే చుక్కలతో సరిపెట్టుకోవద్దు. గ్లైడర్‌కు ఎత్తు ఇంధనం లాంటిది: ప్రశాంతమైన గాలిలో 18 మీటర్ల తరగతి (రెక్కల మొత్తం పొడవు 18 మీటర్ల వరకు ఉండే) గ్లైడర్ 1000 మీటర్ల ఎత్తు నుంచి సుమారు 50 కిలోమీటర్లు జారగలదు, వేగం పెంచితే ఆ దూరం తగ్గిపోతుంది. కాబట్టి ముందున్న గ్లైడర్ కిందికి దిగిపోయి ఉంటే, వెనక ఎత్తులో వస్తున్నదే నిజంగా మెరుగైన స్థితిలో ఉండవచ్చు. ప్రతి పేరు పక్కన మిగిలిన దూరంతో పాటు ఎత్తును, ఎక్కే రేటును కూడా చూపించండి. వ్యాఖ్యాతగా పోటీలలో ఎగిరిన పైలట్‌ను కూర్చోబెట్టండి. ఒకరు బలహీనమైన థర్మల్‌ను వదిలి ముందుకు సాగితే ఆ తెగింపు విలువ ఏమిటో అనుభవజ్ఞులే చెప్పగలరు. ఈ ఒక్క నియామకంలో మాత్రం పొదుపు చేయకండి.

మార్గాన్ని నిర్ణయించేటప్పుడు, వాతావరణం అనుమతిస్తే, మధ్యలో ఒక మలుపును మైదానానికి చేరువలో పెట్టండి. ముగింపు రేఖను జనం నిలిచే చోటికి పక్కగా, తగినంత దూరంలో ఉంచి, కనీస ఎత్తును కచ్చితంగా అమలు చేయండి. జనం తలల మీదుగా తక్కువ ఎత్తులో దూసుకెళ్లే దృశ్యం ఎంత ఆకట్టుకున్నా దానికి అనుమతి ఇవ్వకూడదు. బరువు కోసం రెక్కల్లో నింపుకున్న నీటిని వదిలినప్పుడు కనిపించే తెల్లని చార దూరం నుంచీ కనువిందు చేస్తుంది.

ఎగరడానికి వీలుపడని రోజులూ ఉంటాయి. అప్పుడు పోటీ జరుగుతుందా లేదా అన్న నిర్ణయం ఏ సమయానికి వెలువడుతుందో ఉదయమే ప్రకటించి, గ్లైడర్లను దగ్గర నుంచి చూసే, పైలట్లతో మాట్లాడే ఏర్పాటు చేయండి.