కొత్త సీఎన్‌సీ లేత్ దిగాక వచ్చే చిక్కులు: లక్షణం నుంచి కారణం దాకా

చిన్న షెడ్డులో కొత్త సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్ ఆదేశాలతో లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే మిషన్) దిగిన మొదటి రోజుల్లో ఏ తేడా వచ్చినా అందరి చూపూ మిషన్ మీదికే వెళ్తుంది. బాలానగర్, జీడిమెట్ల షెడ్లలోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఇదే వరస. నిజానికి ఆ తేడాల్లో చాలావాటికి మూలం మిషన్ నిలబడిన నేలలోనో, దానికి వచ్చే కరెంటులోనో, ఎర్తింగులోనో ఉంటుంది. సర్వీసు ఇంజినీరును పిలిచే ముందు ఈ మూడింటినీ చూసుకోండి. ప్యానెల్ తెరవాల్సిన పని ఏదైనా మెయిన్ ఆపి, డ్రైవుల్లో (మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెల్లో) నిలిచిన కరెంటు పోయేదాకా ఆగి, ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.

పంపు తిరుగుతోంది, ఒత్తిడి రావడం లేదు

హైడ్రాలిక్ మోటారు శబ్దం వినిపిస్తుంది గానీ గేజి ముల్లు కదలదు, జాబ్‌ను (చెక్కాల్సిన ముక్కను) బిగించే చక్ పట్టదు. కోతను చల్లార్చే కూలెంట్ కూడా సన్నగా వస్తుంది లేదా అసలు రాదు. రెండూ ఒకేసారి కనిపిస్తే ఫేజుల వరస తారుమారైందని అర్థం. చక్‌ను తిప్పే స్పిండిల్, టూల్‌ను జరిపే అక్షాల మోటార్లు డ్రైవుల ద్వారా నడుస్తాయి కాబట్టి వాటిలో తేడా తెలియదు. నేరుగా కరెంటు అందుకునే పంపులు మాత్రం వెనక్కి తిరుగుతాయి. వెంటనే ఆపండి, హైడ్రాలిక్ పంపు వెనక్కి తిరుగుతూ ఎక్కువసేపు ఉంటే పాడవుతుంది.

మిషన్‌కు వచ్చే మెయిన్ దగ్గర ఏవైనా రెండు ఫేజులు మార్చితే సరి. ఒక్కో మోటారు దగ్గర విడివిడిగా వైర్లు మార్చకండి, అలా చేస్తే తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్‌కు ఏది అసలు వరసో తెలియదు. షెడ్డులో జనరేటర్ ఉంటే దాని వరస కూడా లైను వరసతో కలిసిందో లేదో అదే రోజు చూడండి. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పని జరిగిన తర్వాత కూడా ఒకసారి గేజి చూసుకోవడం మంచిది.

అక్షం కదిపిన వెంటనే ఓవర్‌లోడ్ అలారం

రవాణాలో కదలకుండా టూల్‌ను మోసే శాడిల్‌నూ, జాబ్ రెండో చివరను పట్టే టెయిల్‌స్టాక్‌నూ, తలుపునూ బిగించిన క్లాంపులు ఇంకా ఉండి ఉంటాయి. సాధారణంగా వాటికి ఎరుపో పసుపో రంగు వేస్తారు, కవర్ల వెనక దాగినవి కూడా ఉంటాయి. అన్నీ తీసి, ఒక డబ్బాలో వేసి పేరు రాసి దాచండి. రేపు షెడ్డు మారితే మళ్లీ అవసరమవుతాయి.

క్లాంపులు లేకపోయినా అలారం వస్తుంటే లూబ్రికేషన్ ట్యాంకు చూడండి. చాలా మిషన్లు నూనె లేకుండానే వస్తాయి. నూనె పోసిన తర్వాత చేతి పంపుతో గొట్టాలన్నీ నిండేదాకా కొట్టి, స్లైడ్ల మీద నూనె పొర కనిపించాకే కదపండి. స్లైడ్లకు పోసే నూనె వేరు, హైడ్రాలిక్ నూనె వేరు. డబ్బా మీద గ్రేడ్ చదివి, మాన్యువల్‌తో పోల్చుకుని పోయండి.

బ్యాటరీ అలారం, హోమ్ పొజిషన్ పోయింది

గోదాములో నెలల తరబడి ఉన్న మిషన్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. అక్షాల స్థానాన్ని గుర్తుంచుకునే బ్యాటరీ నీరసించి ఉంటుంది. ఫానుక్ కంపెనీ కంట్రోల్ ఉన్న మిషన్లలో ఈ బ్యాటరీని కంట్రోల్ ఆన్‌లో ఉండగానే మార్చాలి, ఆపి మార్చితే స్థానం పోతుంది. ఇది జాగ్రత్త అవసరమైన పని కాబట్టి తెలిసినవారే చేయాలి. స్థానం పోయి ఉంటే తయారీదారు పెట్టిన గుర్తుల ప్రకారం రిఫరెన్స్ (హోమ్ పొజిషన్) మళ్లీ పెట్టించుకోండి. అంతకు ముందే చేయాల్సిన పని మరొకటి ఉంది. పారామీటర్లు (మిషన్ సెట్టింగులు), ల్యాడర్ (మిషన్ స్విచ్చులను నడిపే ప్రోగ్రామ్), స్క్రూ లోపాల సవరణ లెక్కలు అన్నీ కార్డులోకి కాపీ చేసి, ఒక ప్రతిని షెడ్డు బయట ఉంచండి.

వేళాపాళా లేని అలారాలు

ఉదయం బాగా నడిచింది, పదకొండింటికి డ్రైవ్ అలారం. రీసెట్ చేస్తే పోయింది. పక్క షెడ్డులో వెల్డింగ్ మొదలుపెట్టగానే ఇంకో అలారం వచ్చింది. ఇలా ఒకే అలారం మళ్లీ మళ్లీ రాకుండా రోజుకో రకంగా వస్తుంటే బోర్డులు మార్చడానికి తొందరపడకండి. ముందు మల్టీమీటర్ తీయండి.

మొదట మూడు ఫేజుల మధ్య వోల్టేజీ కొలవండి. మన దగ్గర ప్రామాణికం 415 వోల్టులు. కొలవాల్సింది మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు కాదు, కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో. ఆ క్షణంలో ముల్లు పడిపోతే మీటరు నుంచి వచ్చే కేబుల్ సన్నగా ఉందని లేదా లగ్గులు (కేబుల్ చివరి బిగింపులు) వదులయ్యాయని అర్థం. అల్యూమినియం కేబుల్ లగ్గులు కొన్నాళ్లకు వదులవుతాయి, మళ్లీ బిగించాలి. మిషన్‌కు 220 వోల్టుల త్రీ ఫేజ్ కావాలంటే దానికి తగిన ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. సర్వో స్టెబిలైజర్ నెమ్మదిగా వచ్చే హెచ్చుతగ్గులను సరిచేస్తుంది గానీ ఒక్క క్షణం పడి లేచే వోల్టేజీని అందుకోలేదు.

తర్వాత న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలవండి. 2 వోల్టులు దాటి కనిపిస్తే ఎర్తింగును అనుమానించండి. షెడ్డు మొత్తానికి ఒకే పాత ఎర్త్ గుంత ఉండి, వెల్డింగ్ సెట్టూ కంప్రెసరూ దానికే కట్టి ఉంటే, వాటి విద్యుత్ చెత్తంతా మీ కంట్రోల్‌లోకి వస్తుంది. లేత్‌కు విడిగా గుంత తవ్వించి, మందపాటి రాగి తీగతో నేరుగా మిషన్ ఎర్త్ బోల్టుకు కలపండి. ఎర్త్ నిరోధం 1 ఓమ్‌కు లోపు ఉండాలని చాలామంది తయారీదారులు అడుగుతారు. హైదరాబాదులో ఇది అంత తేలిక కాదు. చాలాచోట్ల నాలుగడుగులు తవ్వగానే గ్రానైటు తగులుతుంది, మట్టి పొర పలచన. అలాంటి చోట ఒక గుంతతో సరిపెట్టుకోకుండా దూరం దూరంగా రెండు మూడు వేసి కలపాలి. ఎండాకాలంలో గుంతలో నీళ్లు పోయడం ఎవరో ఒకరి పనిగా అప్పగించాలి, మట్టి ఎండితే నిరోధం పెరుగుతుంది.

జాబ్ టేపర్ వస్తోంది

టేపర్ అంటే జాబ్ ఒక చివర లావుగా, మరో చివర సన్నగా రావడం. చిన్న షెడ్లలో డబ్బును ఎక్కువగా తినేది ఇదే. ప్రోగ్రామ్‌లో విలువ మార్చి టేపర్‌ను కప్పిపుచ్చే పద్ధతి ఎంత వ్యాపించిందో చూస్తే బాధ కలుగుతుంది. అలా చేస్తే ఆ ఒక్క జాబ్ బయటపడుతుంది, పొడవు మారిన తర్వాతి జాబ్ మళ్లీ పోతుంది, మిషన్ మాత్రం మెలిపడిన బెడ్డు (శాడిల్ జరిగే మిషన్ అడుగు భాగం) మీదే అరుగుతూ ఉంటుంది.

ముందు టేపర్ ఎక్కడిదో విడదీయండి. లావుపాటి కడ్డీని, 60 మి.మీ. వ్యాసం అయితే మంచిది, చక్‌లో గట్టిగా పట్టి సుమారు 200 మి.మీ. బయటికి ఉంచండి. టెయిల్‌స్టాక్ వద్దు. చక్ దగ్గర ఒకటి, చివర ఒకటి, రెండు అంచులు మిగిల్చి మధ్య భాగం తీసేయండి. పదునైన ఇన్సర్టుతో (టూల్ కొనకు బిగించే కోత ముక్కతో) రెండు అంచులనూ ఒకే విలువతో సన్నగా ఫినిష్ చేసి, చల్లారాక మైక్రోమీటర్‌తో కొలవండి. తేడా మిషన్‌తో వచ్చిన పరీక్ష పత్రంలోని హద్దులో ఉంటే బెడ్డు బాగానే ఉంది. మీ జాబ్‌లో టేపర్ టెయిల్‌స్టాక్ సెంటర్ పెట్టినప్పుడే వస్తే టెయిల్‌స్టాక్ వరస తప్పింది. సన్నటి జాబ్‌లో, సెంటర్ లేనప్పుడు, చివర లావుగా వస్తే జాబ్ వంగుతోంది, మిషన్‌ను తప్పు పట్టకండి.

పరీక్ష కడ్డీలోనే తేడా వస్తే లెవెల్ చూడాలి. మీటరుకు 0.02 మి.మీ. చూపే స్పిరిట్ లెవెల్ కావాలి, తాపీమేస్త్రీ లెవెల్ ఇందుకు పనికిరాదు. మాన్యువల్ చూపిన చోట లెవెల్ పెట్టి శాడిల్‌ను చక్ వైపు ఒకసారి, టెయిల్‌స్టాక్ వైపు ఒకసారి తీసుకెళ్లండి. బుడగ రెండు చోట్లా ఒకే గీత దగ్గర నిలవాలి. ఒక్క గీత తేడా ఎంత చేస్తుందో లెక్క వేయండి: ఫ్లాట్ బెడ్డు మీద 300 మి.మీ. ఎత్తున ఉన్న టూల్ 0.006 మి.మీ. పక్కకు జరుగుతుంది, వ్యాసంలో అది 0.012. స్లాంట్ (ఏటవాలు) బెడ్డులో అంకె మారినా సూత్రం ఇదే.

సరిచేసేటప్పుడు ముందు నాలుగు మూలల బోల్టులతో లెవెల్ తెచ్చి, ఆ తర్వాత మధ్య బోల్టులను నేల తాకేదాకా మాత్రమే దించండి. ఒక్క కాలు గాలిలో ఉన్నా మిషన్ కుంటి పీటలా ఊగుతుంది. ప్రతి ప్యాడ్‌నూ చేత్తో కదిపి చూడండి, కదిలితే అక్కడ బరువు పడడం లేదు. చెక్‌నట్లు (లెవెల్ బోల్టులు కదలకుండా పట్టే నట్లు) బిగించాక మళ్లీ కొలవండి, బిగింపుతోనే బుడగ జరుగుతుంది.

కొత్త కాంక్రీటు మీద దించినట్లయితే అది 28 రోజులు ఆరాకే చివరి లెవెల్ నమ్మండి. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడిలో మరో చిక్కు ఉంది. వానాకాలంలో ఆ మట్టి ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది, పలచని ఫ్లోరింగు దానితోపాటే లేచి దిగుతుంది. అక్కడ లోతు తవ్వి, మొరం దట్టించి, ఉక్కు కడ్డీలతో విడి దిమ్మె పోయించాలి. వానలకు ముందూ తర్వాతా లెవెల్ చూసి గోడ మీద తేదీతో రాయండి.

జాబ్ మీద అలలు, కీచు శబ్దం

ముందు గాలిలో ఉన్న కాలు కోసం వెతకండి. తర్వాత టూల్ ఎత్తు, హోల్డర్ బయటికి ఉన్న పొడవు. స్టీలు బోరింగ్ బార్ వ్యాసానికి నాలుగు రెట్లు దాటి బయట ఉంటే ఊగడం సహజం. సాఫ్ట్ జాలను (చక్‌లో జాబ్‌ను పట్టే మెత్తని దవడలను) పని చేసే ఒత్తిడిలోనే బోర్ చేశారో లేదో కూడా చూడండి.

ఉదయం ఒక సైజు, మధ్యాహ్నం మరో సైజు

రేకుల షెడ్డులో ఉదయానికీ మధ్యాహ్నానికీ 10 డిగ్రీల తేడా వస్తే 50 మి.మీ. స్టీలు జాబ్ ఒక్కటే సుమారు 6 మైక్రాన్లు పెరుగుతుంది, స్పిండిల్ వేడి దానికి అదనం. పని మొదలుపెట్టే ముందు స్పిండిల్‌నూ అక్షాలనూ కొంతసేపు ఖాళీగా తిప్పండి. జాబ్‌నూ మైక్రోమీటర్‌నూ ఒకే చోట ఉంచి కొలవండి. మిషన్ మీద నేరుగా ఎండ పడనివ్వకండి.

ఎండాకాలంలో ప్యానెల్ వేడెక్కిందని తలుపు తెరిచి ఫ్యాను పెట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. కూలెంట్ ఆవిరీ పోతఇనుము ధూళీ బోర్డుల మీద పేరుకుని, కొన్నాళ్లకు డ్రైవును కాలుస్తాయి. ప్యానెల్ ఏసీ ఫిల్టరు కడిగి, తలుపు సీలు చూసి, అప్పటికీ చల్లబడకపోతే ఏసీని బాగుచేయించండి.

సర్వీసును పిలవాల్సి వస్తే

అలారం నంబరు, వచ్చిన సమయం, అప్పుడు షెడ్డులో ఇంకేం నడుస్తోంది, మూడు ఫేజుల వోల్టేజీ, న్యూట్రల్-ఎర్త్ కొలత, రెండు చివరల లెవెల్: ఇవన్నీ ఒక పుస్తకంలో రాసి చూపండి. ఇన్‌స్టలేషన్ రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు పరీక్ష కడ్డీని మీ ఎదుటే తిప్పించి, ఆ కొలతలను రిపోర్టులోనే రాయించుకోండి.