పాత మిలిటరీ జీపుకి అసలు ఎలక్ట్రికల్ సామాను బిగించడం ఎలా?

వింటేజ్ ర్యాలీలో ఎవరైనా జీపు బానెట్ ఎత్తితే నా చూపు ముందు ఇంజన్ మీదకు పోదు, వైర్ల మీదకు పోతుంది. బయట ఆకుపచ్చ మ్యాట్ రంగు, తెల్ల నక్షత్రం, పక్కన పార, గొడ్డలి అన్నీ ముచ్చటగా ఉంటాయి. లోపల చూస్తే ఇంటి వైరింగులో మిగిలిన ఎర్ర ప్లాస్టిక్ తీగ, దాని మీద నల్ల టేపు! డాష్‌బోర్డు మీద టేబుల్ ఫ్యాన్ స్విచ్ లాంటిది ఒకటి. రంగు వేయడం మూడు రోజుల పని. ఎలక్ట్రికల్ పని మూడు నెలలు పడుతుంది, అందుకే చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు.

రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ జీపుల సంగతే ఇక్కడ చెబుతున్నాను. రెండూ కలిపి దాదాపు 6.4 లక్షలు తయారయ్యాయి. యుద్ధం ముగిశాక మన దేశంలో మిగిలిపోయినవీ కొన్ని ఉన్నాయి.

మీ చేతిలో ఉన్నది ఏ జీపు?

సామాను కొనే ముందు ఇది తేలాలి. ముందు బంపర్ వెనక వంగి చూడండి. ఫ్రేమ్ రెండు పట్టాలనూ కలిపే అడ్డ ముక్క గుండ్రటి గొట్టంలా ఉంటే విల్లీస్, బోర్లించిన దోనెలా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ వాళ్లు బోల్టుల మీద కూడా తమ 'ఎఫ్' అక్షరం కొట్టుకున్నారు, అది కూడా ఆనవాలే. మన దగ్గర మరో చిక్కుంది. 1940ల చివరి నుంచి బొంబాయిలో మహీంద్రా వాళ్లు బిగించిన జీపులు పౌరుల కోసం చేసినవి. వాటికి తెల్ల నక్షత్రం వేసి యుద్ధకాలపు బండి అని అమ్మేవాళ్లకు కొదవ లేదు. గ్లవ్ బాక్స్ తలుపు మీద ఉండే డేటా ప్లేటునూ గుడ్డిగా నమ్మకండి, నకలు ప్లేట్లు తేలిగ్గా దొరుకుతాయి. ఫ్రేమ్ నంబరు చూడండి.

ఏ ఏడాది బండో తెలియడం ఎందుకంటే, అన్ని జీపులకూ ఒకే సామాను లేదు. ఎడమ మడ్‌గార్డు మీద టోపీ పెట్టుకున్నట్టుండే బ్లాక్ అవుట్ (శత్రువిమానాలకు కనబడకుండా మసకగా వెలిగే) డ్రైవింగ్ లైటు మొదట్లో వచ్చిన జీపులకు లేదు. వెనక ట్రైలర్ సాకెట్ కూడా అంతే. దొరికింది కదా అని బిగిస్తే తెలిసినవాడు నవ్వుకుంటాడు.

ఇక వోల్టేజీ. ఈ జీపులు 6 వోల్టులవి, నెగెటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ నెగెటివ్ బండి ఇనుప బాడీకి కలిసి ఉంటుంది. 1950లో వచ్చిన ఎం38 నుంచి అమెరికా మిలిటరీ జీపులు 24 వోల్టులకు మారాయి. బ్రిటిష్ బళ్లలో పాజిటివ్ ఎర్త్ ఉన్నవి చాలా ఉన్నాయి. అందుకే బల్బు కొన్నా, హారన్ కొన్నా దాని మీద ఏం రాసుందో చదివి కొనండి.

పాత వైరింగ్ పారేయకండి

పాత వైరు ఎంత కుళ్లిపోయినా అదే మీ మ్యాప్. పీకే ముందు ప్రతి చివరకీ కాగితం చీటీ కట్టి, ఎక్కడి నుంచి ఎక్కడికో రాయండి, ఫోటో తీయండి. తర్వాత మొత్తాన్ని ఒక ప్లైవుడ్ షీటు మీద పరిచి, మేకులు కొట్టి, ఏ పాయ ఎక్కడ విడిపోతోందో పెన్సిల్‌తో గీయండి. కొత్త హార్నెస్ (వైర్ల కట్ట) ఆ గీత మీదే అల్లుకోవచ్చు. రెడీమేడ్‌గా తెప్పించుకున్నా సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

అప్పటి వైరుకు రబ్బరు తొడుగు, దాని మీద నూలు అల్లిక, అల్లికలో రంగు దారాలు. రబ్బరు ఇప్పుడు ముట్టుకుంటే పొడైపోతుంది. లోపల ఇప్పటి ఇన్సులేషన్, పైన నూలు అల్లిక ఉన్న వైరు వాడితే కంటికి అసలుదే, పనికి కొత్తదే. ఈ ఒక్క చోట మాత్రం అసలు వస్తువే కావాలని పట్టుపట్టకండి. పెట్రోలు ట్యాంకు డ్రైవర్ సీటు కింద ఉంటుంది మరి.

6 వోల్టుల లెక్క

మా ఆటో ఎలక్ట్రీషియన్ మొదటి రోజే అన్నాడు: "అన్నా, పన్నెండు వోల్టులు పెట్టేద్దాం, లొల్లి ఉండదు." ఆ మాట విన్నవాళ్లు ఎందరో. వింటే డైనమో, కటౌట్ (డైనమో చార్జింగ్‌ని అదుపు చేసే పెట్టె), సెల్ఫ్, పెట్రోలు గేజీ, హారన్, బల్బులు అన్నీ మార్చాలి. చివరకు మిగిలేది జీపు ఆకారం ఒక్కటే.

6 వోల్టుల లైట్లు మిణుకుమిణుకుమంటాయన్న చెడ్డపేరు వోల్టుల వల్ల రాలేదు, సన్న వైర్ల వల్ల వచ్చింది. 45 వాట్ల బల్బు 12 వోల్టుల మీద నాలుగు అంపియర్ల లోపే లాగుతుంది. 6 వోల్టుల మీద ఏడున్నర. దారిలో అర వోల్టు పోయిందనుకోండి, 12లో అది 4 శాతం, 6లో 8 శాతం. బల్బు వెలుతురు వోల్టేజీ కన్నా చాలా వేగంగా పడిపోతుంది, కాబట్టి ఆ 8 శాతానికి దాదాపు పావు వంతు వెలుతురు పోతుంది. అందుకని హెడ్‌లైట్ల వైరు లావుగా ఉండాలి. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి వెళ్లే కేబుల్ కనీసం 50 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి. కార్ల షాపులో రెడీమేడ్‌గా అమ్మే కేబుల్ దీనికి చాలదు. వెల్డింగ్ కేబుల్ తీసుకుని, రాగి లగ్గులు గట్టిగా నొక్కించి, టంకం పోయించండి.

ఎర్త్, ఎర్త్, ఎర్త్

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటిసారి అన్నీ కొత్తవి బిగించి స్విచ్ లాగితే కుడి హెడ్‌లైటు ఆముదం దీపంలా వెలిగింది. బల్బు మార్చాను, వైరు మార్చాను, రెండు రోజులు తల పట్టుకున్నాను. మూడో రోజు మల్టీమీటర్ ఒక మొన లైటు బాడీకి, ఇంకో మొన బ్యాటరీ నెగెటివ్‌కి పెట్టి, లైటు వేసి చూస్తే 1.3 వోల్టులు! అసలు సున్నాకి దగ్గరగా ఉండాలి. సంగతేంటంటే, లైటు బ్రాకెట్ కింద నేనే ముచ్చటపడి మూడు పూతలు వేయించిన పెయింటు. కరెంటు తిరిగి వెళ్లడానికి దారి లేదు. బోల్టు విప్పి, నాణెమంత జాగాలో ఎమరీ పేపర్‌తో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, పళ్లున్న వాషర్ వేసి బిగించాక ఎదురుగోడ కనబడింది.

కాబట్టి పెయింటింగ్ అయ్యాక, సామాను బిగించే ముందు, ఎర్త్ పాయింట్లన్నీ ఒక్కొక్కటే గీకండి. బ్యాటరీ నెగెటివ్ తగిలే చోటు, ఇంజన్ నుంచి ఫ్రేమ్‌కి వెళ్లే, తీగలు జడలా అల్లిన పట్టీ, లైట్ల బ్రాకెట్లు, పెట్రోలు ట్యాంకు. ఇంజన్ రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది, ఆ పట్టీ లేకపోతే సెల్ఫ్ తిరగడానికి కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. బిగించాక తుప్పు పట్టకుండా పైన కొంచెం గ్రీజు రాయండి.

బానెట్‌కీ బాడీకీ మధ్య, ఇంకా అక్కడక్కడా ఇలాంటి జడ పట్టీలు కనిపిస్తే పనికిరానివని పీకేయకండి. అవి రేడియోలో గరగర రాకుండా పెట్టినవి. బానెట్ మీది నంబరు చివర 'ఎస్' అక్షరం ఉంటే ఆ బండికి ఈ ఏర్పాటంతా ఉందని అర్థం. నంబరుకు ఎస్ రాసి పట్టీలు బిగించకపోవడం కన్నా, అక్షరమే రాయకపోవడం మేలు.

డైనమో, కటౌట్

అసలుది 40 అంపియర్ల ఆటోలైట్ డైనమో. రివైండింగ్ చేయించి, బ్రష్‌లు, బేరింగులు మార్పిస్తే మళ్లీ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. బిగించాక ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ఒక చిన్న పని మరిచిపోకూడదు. కటౌట్ మీద బ్యాటరీ టెర్మినల్‌కీ, ఆర్మేచర్ టెర్మినల్‌కీ ఒక తీగ ముక్కను కన్ను మూసి తెరిచేంత సేపు తాకించి తీసేయాలి. చిన్న నిప్పురవ్వ వస్తుంది. దీంతో డైనమో లోపలి ఇనుముకు ఏ వైపు ప్లస్సో గుర్తుంటుంది. ఇది చేయకుండా ఇంజన్ వేస్తే ఉల్టాగా చార్జ్ చేసి కటౌట్ పాయింట్లను కాల్చేయవచ్చు. ఫీల్డ్ టెర్మినల్‌ను మాత్రం ముట్టుకోవద్దు. ఈ పద్ధతి ఈ జీపుకే. వేరే బండి డైనమోకి పద్ధతి వేరుగా ఉండవచ్చు.

లైటు స్విచ్

మొత్తం సామానులో నాకు ఇష్టమైనది ఇదే. నాబ్‌ను ఒక మెట్టు లాగితే బ్లాక్ అవుట్ లైట్లు మాత్రమే వెలుగుతాయి. ఇంకా లాగుదామంటే రాదు. పక్కనున్న చిన్న బటన్ నొక్కి పట్టుకుని లాగితేనే పెద్ద హెడ్‌లైట్లు వెలిగే మెట్టుకు వస్తుంది. శత్రువిమానం పైన తిరుగుతుంటే చీకట్లో తడుముకుంటూ నాబ్ లాగిన డ్రైవర్ పొరపాటున హెడ్‌లైట్లు వేయకుండా ఆ అడ్డు పెట్టారు. మూడో మెట్టు పగటికి, బ్రేకు లైటు ఒక్కటే పనిచేస్తుంది. బ్లాక్ అవుట్ డ్రైవింగ్ లైటుకు వేరే నాబ్ ఉంటుంది.

పాత స్విచ్ దొరికితే విప్పి, లోపలి రాగి పలకల మీది చిలుము గీకి, స్ప్రింగులు చూసి వాడండి. దాని వెనక టెర్మినళ్లు చాలా ఉంటాయి. డాష్‌బోర్డులో బిగించాక తల కిందులుగా పడుకుని వైర్లు కలపడం నరకం. స్విచ్‌ని బయటే పెట్టి, వైర్లన్నీ కలిపి, తర్వాత లోపలికి తోయండి.

హెడ్‌లైట్లు బిగించేటప్పుడు వైరు కాస్త వదులుగా వదలండి. ఈ జీపులో లైటు వెనక ఉన్న రెక్కల నట్టు వదులు చేస్తే లైటు వెనక్కి తిరిగి ఇంజన్ మీద వెలుతురు పడుతుంది, రాత్రి రిపేరు కోసం. వైరు బిగుతుగా ఉంటే మొదటిసారి తిప్పగానే ఊడి వస్తుంది.

వెనక లైట్లు కవలల్లా ఉంటాయి కానీ ఒకటి కాదు. ఎడమదాంట్లో పైన మామూలు టెయిల్, బ్రేకు లైటు. కుడిదాంట్లో పైన బ్లాక్ అవుట్ బ్రేకు లైటు. రెండింటిలోనూ కింద బ్లాక్ అవుట్ టెయిల్.

అమ్మీటర్ రెండు వైపులా 50 అంపియర్ల దాకా చూపేది కావాలి. ఇంజన్ ఆపి ఉండగా హెడ్‌లైట్లు వేసినప్పుడు ముల్లు చార్జ్ వైపు పోతే దాని వెనక రెండు వైర్లు తారుమారు చేయండి, అంతే. ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్ మీటర్లకు కరెంటుతో పనిలేదు.

మొదటిసారి బ్యాటరీ కలపడం

నేరుగా కలపకండి. పాజిటివ్ కేబుల్‌కీ బ్యాటరీకీ మధ్య 6 వోల్టుల బ్రేకు లైటు బల్బు ఒకటి పెట్టండి. స్విచ్‌లన్నీ ఆఫ్‌లో ఉన్నప్పుడు అది వెలగకూడదు. వెలిగితే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. బల్బు ఉంది కాబట్టి ఏదీ కాలదు, నిదానంగా వెతుక్కోవచ్చు. ఆరిపోయి ఉంటే బల్బు తీసి కేబుల్ బిగించి, ఒక్కో సర్క్యూటే వేసి చూడండి.

రోడ్డు మీదకు తీయాలంటే కాగితాలు కూడా కావాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు. ఈ జీపుకి ఇండికేటర్లు లేవు, చెయ్యి చాపాల్సిందే.

చివరగా, చీకటి పడ్డాక ఒక ఖాళీ స్థలంలో బ్లాక్ అవుట్ టెయిల్ లైట్లు వేసి బండి వెనక్కి నడవండి. దగ్గర్లో ఒక్కో లైటులో నాలుగు ఎర్ర చుక్కలు కనబడతాయి. సుమారు 18 మీటర్లు దాటితే రెండై, 55 మీటర్లు దాటాక ఒక్కటైపోతాయి. కాన్వాయ్‌లో వెనక బండి డ్రైవర్ ఈ చుక్కలు లెక్కపెట్టుకునే దూరం పాటించేవాడు. నాలుగు కనిపిస్తే మరీ దగ్గరకొచ్చాడు, ఒకటే కనిపిస్తే వెనకబడ్డాడు. కుడి, ఎడమ లైట్లలో ఒకదాని చుక్కలు ముందే కలిసిపోతే, అందులో ఉన్నది కొలత తప్పిన నకలు లెన్స్. అమ్మినవాడికి ఫోన్ చేయండి.