ఇంట్లోనే పియానో – 7వ పాఠం: రఖ్మానినోవ్ నెమ్మది

కిందటి పాఠంలో ఐదు వేళ్లూ ఐదు మెట్ల మీద పెట్టి సి నుంచి జి దాకా వెళ్లి రావడం నేర్చుకున్నాం. ఈ వారం ఒకేసారి రెండు మెట్లు నొక్కుతాం. అయితే ఇప్పుడే కీబోర్డు దగ్గరికి వెళ్లకండి. ముందు ఒక మనిషి గురించి చదవండి. ఈ వారం మీరు చేయబోయే సాధన ఆయన దగ్గర నేర్చుకున్నదే.

అమెరికన్ పియానిస్టు అబ్రమ్ చేసిన్స్ ఒకసారి హాలీవుడ్‌లో రష్యన్ స్వరకర్త, పియానిస్టు సెర్గేయ్ రఖ్మానినోవ్ ఇంటికి వెళ్లాడు. లోపల ఎవరో పియానో వాయిస్తున్నారు. ఒక శబ్దం, కాస్త ఆగి ఇంకో శబ్దం. ఏ రచనో ఆయనకు అంతుపట్టలేదు. చాలాసేపు విన్నాక తెలిసింది, అది స్వరకర్త షోపాన్ రాసిన థర్డ్స్ ఎట్యూడ్ అని (ఓపస్ 25, నంబర్ 6). ఎట్యూడ్ అంటే సాధన కోసం రాసిన రచన, థర్డ్స్ అంటే మధ్యలో ఒక మెట్టు వదిలి కలిపి నొక్కే రెండు స్వరాలు. పియానో సాహిత్యంలోని కష్టమైన రచనల్లో అదొకటి. కుడిచేయి మెరుపులా రెండేసి స్వరాలు పలికిస్తూ పోవాలి. షోపాన్ చెప్పిన వేగంలో ఒక బార్, అంటే మన ఆవర్తనం లాంటిది, రెండు సెకన్లు కూడా పట్టదు. రఖ్మానినోవ్ ఒక్కో బార్‌కి 20 సెకన్లు తీసుకుంటున్నాడు. దాదాపు గంటసేపు అలాగే సాగింది. చేసిన్స్ బెల్ నొక్కలేక అక్కడే నిలబడిపోయాడు.

అప్పటికి ప్రపంచమంతా రఖ్మానినోవ్‌ని గొప్ప పియానిస్టు అంటోంది. మనలో సరళీ వరసలు నేర్చుకున్నవాళ్లు మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అని ఎక్కుతూ పోతాం. మూడో కాలం వచ్చేశాక మొదటి కాలానికి తిరిగి వచ్చేవాళ్లు తక్కువ. ఆయన తిరిగి వచ్చాడు.

ఈ అలవాటుకు పునాది చిన్నతనంలోనే పడి ఉంటుందని నా నమ్మకం. ఆయన 1873లో రష్యాలోని నోవ్‌గొరోద్ ప్రాంతంలో పుట్టాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీలో (సంగీత కళాశాలలో) చదువు సరిగా సాగకపోతే, 1885లో మాస్కోలో నికొలాయ్ జ్వెరెవ్ అనే గురువు దగ్గర చేర్చారు. అది గురుకులమే. శిష్యులు ఆయన ఇంట్లోనే ఉండాలి, పొద్దున ఆరింటికల్లా పియానో ముందు కూర్చోవాలి. 1892లో మాస్కో కన్సర్వేటరీ నుంచి గొప్ప బంగారు పతకంతో బయటికొచ్చాడు. 1897లో మొదటి సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన) ఘోరంగా విఫలమై, మూడేళ్లు దాదాపు ఏమీ రాయలేకపోయాడు. 1901లో రెండో పియానో కన్సర్టోతో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే రచనతో, నిలదొక్కుకున్నాడు.

పెద్దయ్యాక నేర్చుకోవడం మొదలుపెట్టిన మనకి అసలు ముఖ్యమైన ఘట్టం తర్వాతిది. 1917లో రష్యాలో విప్లవం వచ్చింది. ఆ డిసెంబరులో భార్యనీ ఇద్దరు కూతుళ్లనీ తీసుకుని, మంచు మీద జారే బండిలో సరిహద్దు దాటి ఫిన్లాండ్ మీదుగా స్వీడన్ చేరాడు. ఆస్తి పోయింది, ఇల్లు గడవాలి. అప్పటిదాకా వేదికల మీద ఎక్కువగా సొంత రచనలే వాయించిన మనిషి, 45 ఏళ్ల వయసులో బేతోవెన్, షోపాన్, లిస్ట్ రచనలు కూర్చుని సాధన చేసి కచేరీ పియానిస్టుగా కొత్త జీవితం మొదలుపెట్టాడు. 1918 నవంబరులో న్యూయార్క్‌లో దిగాడు. 1943 మార్చిలో చనిపోయేదాకా, అంటే దాదాపు పాతికేళ్లు, కచేరీలే ఆయన జీవనాధారం. ఆఖరి కచేరీ చనిపోవడానికి దాదాపు ఆరు వారాల ముందు చేశాడు.

ఇప్పుడు కీబోర్డు దగ్గర కూర్చోండి.

కుడిచేయి బొటనవేలు సి మీద, మధ్యవేలు ఈ మీద. రెండూ కలిపి నొక్కండి. తర్వాత చూపుడువేలు, ఉంగరపువేలు: డి, ఎఫ్. ఆ తర్వాత మధ్యవేలు, చిటికెనవేలు: ఈ, జి. అదే దారిలో వెనక్కి రండి. మెట్రోనోమ్ (తాళం వేసే యంత్రం) 60లో, అంటే నిమిషానికి 60 దెబ్బల వేగంలో పెట్టి, ఒక్కో జతకి నాలుగు దెబ్బలు ఇవ్వండి. మొదటి దెబ్బకి నొక్కాలి. రెండో దెబ్బకి వినాలి: రెండు స్వరాలూ ఒక్కసారే పలికాయా, ముందూ వెనకా పడ్డాయా? మూడో దెబ్బకి మణికట్టు వదులు చేయాలి. నాలుగో దెబ్బకి తర్వాతి రెండు వేళ్లనీ వాటి మెట్లకి ఆనించి, నొక్కకుండా ఉంచాలి.

డి-ఎఫ్ దగ్గర చెవి బాగా పెట్టండి. ఉంగరపువేలు పక్క వేళ్ల స్నాయువులతో ముడిపడి ఉంటుంది, తనంతట తాను తేలిగ్గా పైకి లేవదు. అందుకని ఎఫ్ కొంచెం ఆలస్యంగానో, మెల్లగానో పలుకుతుంది. నేను నేర్చుకునే రోజుల్లో తొందరపడి దీన్ని వేగంగా వాయించేశాను. ఆ వేగంలో తప్పు వినపడలేదు. తర్వాత ఆ ఒక్క వేలిని సరిచేసుకోవడానికి నెలలు పట్టింది. ఆ కష్టం మీకు వద్దు.

రోజుకి పది నిమిషాలు చాలు. మొదటి మూడు రోజులు 60 దాటొద్దు, ఎంత బోర్ కొట్టినా సరే.

నాలుగో రోజు నుంచి ఇంకో పని. 1909లో రఖ్మానినోవ్ మూడో కన్సర్టో రాసి, దాన్ని వాయించడానికి ఓడలో అమెరికా బయల్దేరాడు. సాధనకి టైమ్ చాలలేదు. శబ్దం రాని కీబోర్డు ఒకటి ఓడలోకి తీసుకెళ్లి, దాని మీద వేళ్లు ఆడిస్తూ సాధన చేశాడు. నవంబరు 28న న్యూయార్క్‌లో ఆ కన్సర్టో తొలిసారి వాయించాడు. మన ఎలక్ట్రానిక్ కీబోర్డుకి వాల్యూమ్ సున్నా చేస్తే అదే పరికరం. ఇవే మూడు జతలు శబ్దం లేకుండా ఒకసారి, శబ్దంతో ఒకసారి వాయించండి. శబ్దం లేనప్పుడు ప్రతి జతనీ మనసులో వినాలి. వినపడకపోతే ఆ జత ఇంకా రాలేదన్నమాట. మళ్లీ 60కి వెళ్లండి.

వచ్చే వారం ఎడమచేతితో ఇదే చేద్దాం. అందులో చిటికెనవేలు సి మీద ఉంటుంది, మధ్యవేలు ఈ మీద. ఇప్పుడే ఒకసారి పెట్టి చూసుకోండి, నొక్కకుండా.